చంపని మందు: ఇంటర్‌ఫెరాన్, లింఫోమా

1957లో లండన్‌లోని మిల్‌హిల్ పరిశోధనాలయంలో అలిక్ ఐజాక్స్, జాఁ లిండెన్‌మన్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు కోడిగుడ్డు పొరలకు వేడితో నిర్వీర్యం చేసిన ఇన్‌ఫ్లుయెంజా వైరస్‌ను తగిలించారు. ఆ పొరలు స్రవించిన పదార్థం తాజా పొరలను సజీవ వైరస్ బారినుండి కాపాడింది. దానికి వారు ఇంటర్‌ఫెరాన్ అని పేరు పెట్టారు. అప్పటికి కేన్సర్ ఊసే లేదు.

1962లో పాకర్, కాంటెల్, హెన్లే మరొక వింత గమనించారు. ఇంటర్‌ఫెరాన్ సోకిన ఎలుక కణాలు చావలేదు. వాటి విభజన మాత్రం మందగించింది. నాటి ఇంటర్‌ఫెరాన్‌లో మలినాలే ఎక్కువ కనుక, ఇది వాటి పనేనని చాలామంది సందేహించారు. శుద్ధిచేసిన ఇంటర్‌ఫెరాన్ కూడా అదే పని చేశాకగాని ఆ సందేహం తీరలేదు.

ఆ ముగ్గురిలో ఒకరైన కారి కాంటెల్ హెల్సింకీ చేరి, రక్తదాతల తెల్లకణాల నుండి ఇంటర్‌ఫెరాన్ తీయడానికే జీవితం ధారపోశాడు. ఆ ఒడుదొడుకులను తన ఆత్మకథలో తానే చెప్పుకున్నాడు. ఎంత రక్తం పోగుచేసినా చేతికందే మందు స్వల్పమే. 1978లో స్టాన్‌ఫర్డ్ వైద్యులు దానిని కొద్దిమంది లింఫోమా రోగులకు ఇచ్చారు. నిదానంగా పెరిగే రకంలో గడ్డలు తగ్గాయి. ఉధృతంగా పెరిగే రకం లొంగలేదు. అదే ఏడు అమెరికన్ కేన్సర్ సొసైటీ ఈ మందు కొనుగోలుకు 20 లక్షల డాలర్లు కేటాయించింది. 1980 మార్చిలో ఇంటర్‌ఫెరాన్ టైమ్ పత్రిక ముఖచిత్రానికెక్కింది. ఆశ ఆధారాన్ని దాటిపోయింది.

మందగింపు రహస్యం బర్కిట్ లింఫోమా నుండి వచ్చిన డౌడీ కణాలలో తేటపడింది. ఇంటర్‌ఫెరాన్ కణం పైపొరమీది గ్రాహకాన్ని తాకుతుంది. ఆ సంకేతం కేంద్రకానికి చేరి కొన్ని జన్యువులను మేల్కొలుపుతుంది. విభజనను ఉసిగొల్పే మిక్ జన్యువు సద్దుమణుగుతుంది. డీఎన్‌ఏ ప్రతిని రాసుకోవలసిన ఘట్టానికి ముందే కణం ఆగిపోతుంది. అయితే లింఫోమా కణాలన్నీ ఇలా లొంగవు. నమాల్వా అనే మరో బర్కిట్ కణశ్రేణిని ఇంటర్‌ఫెరాన్ తయారీకే వాడుకున్నారు: శత్రువే కర్మాగారమయింది!

అద్భుతౌషధమని ఎదురుచూసినవారికి నిరాశే మిగిలింది. 1986లో హెయిరీ సెల్ లుకేమియాకు, 1997లో ఫాలిక్యులర్ లింఫోమాకు అమెరికాలో అనుమతులు లభించాయి. 1997లోనే అనుమతి పొందిన రిటుక్సిమాబ్ క్రమంగా లింఫోమా చికిత్సలో దానిని వెనక్కు నెట్టింది.

అయినా ఆ కథ వ్యర్థం కాదు. అంతవరకు కేన్సర్ మందు అంటే ఎక్కువగా కణాన్ని చంపే విషమే. దేహం తనకోసం తయారుచేసుకునే ప్రోటీను సైతం కేన్సర్ కణాన్ని నిలువరించగలదని ఇంటర్‌ఫెరాన్ చూపింది. తప్పు మందుది కాదు. నిలువరించడాన్ని నయం చేయడమని చదువుకున్న తొందరపాటుది.