డైనమో నుంచి ఆల్టర్నేటర్ దాకా: ఒక ఎర్ర దీపం చెప్పే చరిత్ర



వాహనంలో తాళం తిప్పగానే, ఇంజను ఇంకా అందుకోకముందే, డ్రైవరు ఎదుట బ్యాటరీ బొమ్మ ఉన్న ఒక చిన్న ఎర్ర దీపం వెలుగుతుంది. ఇంజను నడవడం మొదలుకాగానే ఆరిపోతుంది. రోజూ చూసేదే కనుక దాన్ని గురించి ఎవరూ ఆలోచించరు. కానీ ఆ దీపం వెనుక దాదాపు రెండు వందల సంవత్సరాల విద్యుత్ చరిత్ర ఉంది. ఆ చరిత్ర తెలిసినవారు ఛార్జింగ్ ఎక్కడ ఆగిపోయిందో వరుసగా వెతికి పట్టుకుంటారు. తెలియనివారు బ్యాటరీ మీద బ్యాటరీ కొంటారు. ఈ పాఠంలో ఆ చరిత్రను, దాని నుంచి పుట్టిన పరీక్షలను తెలుసుకుందాం.

అరియాంకుప్పం నుంచి మొదలుపెడదాం

కాకినాడకు దగ్గరలోని యానాం పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలో భాగమని మీకు తెలుసు. ఆ పుదుచ్చేరి నగరానికి దక్షిణంగా, కడలూరు వెళ్ళే దారిలో అరియాంకుప్పం ఉంది. ఒకవైపు నది, ఇంకొంచెం దూరంలో సముద్రం. ఇలాంటి తీరప్రాంతంలో చేపలు, ఐసు మోసే పికప్ ట్రక్కుకు రెండు శత్రువులు: ఉప్పుగాలి, ఉప్పునీరు. ఇవి వైర్ల కొసలను, ఎర్త్ కనెక్షన్లను మెల్లగా తినేస్తాయి. తెల్లవారుజామున సెల్ఫ్ తిరగకపోతే పోయేది ఆ పూట కిరాయి మాత్రమే కాదు, పెట్టెల్లోని సరుకు కూడా.

ఈ ఊరి పక్కనే అరికమేడు ఉంది. 1945లో మార్టిమర్ వీలర్ అక్కడ తవ్వకాలు జరిపినప్పుడు ఇటలీలోని అరెట్జో రకం ఎర్రని నునుపు మట్టిపాత్రల ముక్కలు దొరికాయి. ఆ పాత్రలు ఏ కాలానివో పండితులకు ముందే తెలుసు. కాబట్టి వాటితోపాటు దొరికిన, కాలం తెలియని దక్షిణ భారతదేశపు వస్తువులకు కూడా కాలం నిర్ణయించడానికి ఒక ఆధారం ఏర్పడింది. తెలిసినదాన్ని పట్టుకుని తెలియనిదాన్ని కొలవడం అనే ఈ పద్ధతే మన పరీక్షలకూ పునాది.

ఫారడే నుంచి డైనమో దాకా

1831లో మైకేల్ ఫారడే విద్యుదయస్కాంత ప్రేరణను కనుగొన్నాడు. తీగచుట్ట దగ్గర అయస్కాంత క్షేత్రం మారితే ఆ చుట్టలో విద్యుత్తు పుడుతుంది. మరుసటి ఏడాది, 1832లో, పారిస్‌లో పరికరాలు తయారుచేసే హిప్పొలీట్ పిక్సీ చేత్తో తిప్పే యంత్రం ఒకటి చేశాడు. అందులో పుట్టిన విద్యుత్తు క్షణానికోసారి దిశ మార్చుకునేది. అంటే అది ఏకాంతర విద్యుత్తు. అప్పట్లో దానితో ఏం చేయాలో ఎవరికీ తోచలేదు. ఆంపియర్ సూచన మేరకు పిక్సీ కమ్యుటేటర్‌ను చేర్చి, దాన్ని ఒకే దిశలో ప్రవహించే ఏకముఖ విద్యుత్తుగా మార్చాడు.

1866-67 సంవత్సరాలలో వెర్నర్ సీమెన్స్, చార్లెస్ వీట్‌స్టన్, శామ్యూల్ వార్లీ వేర్వేరుగా మరో ముఖ్యమైన మెట్టు ఎక్కారు. ఇనుములో కొద్దిపాటి అయస్కాంతత్వం ఎప్పుడూ మిగిలి ఉంటుంది. యంత్రం తిరిగితే దానివల్ల కొంచెం విద్యుత్తు పుడుతుంది. ఆ విద్యుత్తునే మళ్ళీ అయస్కాంతపు చుట్టకు పంపితే బలం పెరుగుతూ పోతుంది. అంటే డైనమో తన మంట తానే రాజేసుకోగలదు. ఈ సంగతి గుర్తుంచుకోండి, దీనితో పని ఉంది.

1912లో చార్లెస్ కెటరింగ్ రూపొందించిన విద్యుత్ స్టార్టర్‌తో కాడిలాక్ కార్లు వచ్చాయి. హ్యాండిల్ తిప్పే బాధ తప్పింది. అయితే స్టార్టరుకు బ్యాటరీ కావాలి, బ్యాటరీని నింపడానికి డైనమో కావాలి. తరువాత దాదాపు అర్ధ శతాబ్దం పాటు కార్లలో డైనమోదే రాజ్యం.

డయోడ్ తెచ్చిన మార్పు

డైనమోలో ఒక పెద్ద లోపం ఉంది. విద్యుత్తు పుట్టే చుట్టలు తిరుగుతూ ఉంటాయి. కాబట్టి బయటికి వచ్చే విద్యుత్తంతా కమ్యుటేటర్, బ్రష్‌ల మీదుగానే రావాలి. ఇంజను నెమ్మదిగా నడిచేటప్పుడు అది చాలినంత విద్యుత్తు ఇవ్వలేదు. ఆల్టర్నేటర్‌లో దీన్ని తలకిందులు చేశారు. విద్యుత్తు పుట్టే చుట్టలు కదలవు, అయస్కాంతం తిరుగుతుంది. బ్రష్‌ల ద్వారా వెళ్ళేది ఆ అయస్కాంతానికి కావలసిన కొద్ది ఆంపియర్లు మాత్రమే. అయితే ఇక్కడ పుట్టేది పిక్సీని ఇబ్బంది పెట్టిన ఏకాంతర విద్యుత్తే. బ్యాటరీకి అది పనికిరాదు. 1950లలో చిన్నవి, వేడికి తట్టుకునే సిలికాన్ డయోడ్లు వచ్చాక ఈ చిక్కు తీరింది. 1960 మోడల్ వేలియంట్ కారులో క్రైస్లర్ సంస్థ ఆల్టర్నేటర్‌నే అమర్చింది. ఆ దశాబ్దంలో మిగతావారూ అదే దారి పట్టారు. మన దేశంలో 1961లో చెన్నైలోని పాడిలో లూకాస్-టీవీఎస్ స్థాపితమైంది. ఆ సంస్థకు పుదుచ్చేరి ప్రాంతంలో కూడా కర్మాగారం ఉంది.

యంత్రం మారింది కానీ పేరు మారలేదు. ఇవాళ్టికీ చాలామంది మెకానిక్కులు ఆల్టర్నేటర్‌ను డైనమో అనే అంటారు. పేరుతోపాటు కొన్ని పాత అలవాట్లు కూడా మిగిలాయి. ప్రమాదం అక్కడే ఉంది.

దీపం చేసే పని

డైనమో కాలంలో ఎర్ర దీపం కేవలం సమాచారం చెప్పేది. ఆల్టర్నేటర్‌లో మిగిలి ఉండే అయస్కాంతత్వం చాలదు. మొదటి పెట్టుబడి బయటి నుంచి రావాలి. చాలా వాహనాలలో ఆ పెట్టుబడి ఈ దీపం గుండానే వస్తుంది. తాళం తిప్పగానే బ్యాటరీ నుంచి దీపం, రెగ్యులేటర్, బ్రష్‌ల మీదుగా తిరిగే చుట్టకు విద్యుత్తు వెళ్తుంది, దీపం వెలుగుతుంది. ఆల్టర్నేటర్ పనిచేయడం మొదలుపెట్టాక దీపానికి రెండువైపులా వోల్టేజి సమానమవుతుంది, దీపం ఆరిపోతుంది. కనుక ఇంజను నడుస్తుండగా దీపం వెలిగితే జబ్బు ఉన్నట్టే. తాళం తిప్పినప్పుడు అసలు వెలగకపోయినా జబ్బు ఉన్నట్టే. బల్బు మాడిపోయి ఉండవచ్చు, వైరు తెగి ఉండవచ్చు, బ్రష్‌లు అరిగిపోయి ఉండవచ్చు. కంప్యూటర్ నియంత్రణ గల కొత్త వాహనాలలో మాత్రం ఈ అమరిక వేరుగా ఉంటుంది.

వరుసగా నాలుగు పరీక్షలు

మొదట బెల్టు చూడండి. వదులైనా, నున్నగా మెరుస్తున్నా జారుతుంది.

రెండవది, వోల్టు మీటరు. కొన్ని గంటలు ఆపి ఉంచిన వాహనంలో నిండు బ్యాటరీ సుమారు 12.6 వోల్టులు చూపాలి. మనకు తెలిసిన కొలత ఇదే. ఇంజను నడుస్తుంటే సాధారణంగా 13.8 నుంచి 14.5 వోల్టుల మధ్య ఉండాలి. పెరగకపోతే ఛార్జింగ్ లేదు. 15 దాటితే రెగ్యులేటర్ పాడైంది, బ్యాటరీ ఉడికిపోతుంది.

మూడవది, హెడ్‌లైట్లు వేసి, ఇంజను నడుస్తుండగా ఆల్టర్నేటర్ పెద్ద టెర్మినల్‌కు, బ్యాటరీ పాజిటివ్‌కు మధ్య కొలవండి. అర వోల్టు దాటితే దోషం వైరులో ఉంది. ఆల్టర్నేటర్ ఒంటికి, బ్యాటరీ నెగటివ్‌కు మధ్య కూడా కొలవండి. అక్కడ 0.2 వోల్టు దాటితే ఎర్త్ బాగాలేదు. అరియాంకుప్పం వంటి తీరప్రాంతాల్లో కొత్త ఆల్టర్నేటర్ కొనేముందు ఈ పరీక్ష తప్పనిసరి.

నాలుగవది, మీటరును ఏకాంతర విద్యుత్తు వైపు తిప్పి బ్యాటరీ దగ్గర చూడండి. అర వోల్టుకు మించి చూపితే డయోడ్లను అనుమానించాలి. డయోడ్ చెడితే కొన్నిసార్లు బండి ఆపి ఉన్నప్పుడు కూడా విద్యుత్తు వెనక్కి కారి, తెల్లవారేసరికి బ్యాటరీ దిగిపోతుంది.

ఇక చేయకూడని పరీక్ష ఒకటుంది. ఇంజను నడుస్తుండగా బ్యాటరీ వైరు పీకి, ఇంజను ఆగకపోతే డైనమో బాగున్నట్టే అనడం. అది డైనమో కాలం నుంచి వస్తున్న అలవాటు. ఆల్టర్నేటర్‌లో బ్యాటరీ హఠాత్తుగా తొలగిపోతే వోల్టేజి ఒక్క క్షణం వంద వోల్టుల దరిదాపులకు ఎగబాకగలదు. డయోడ్లు, రెగ్యులేటర్, ఇంజను కంప్యూటర్ మాడిపోవచ్చు. పైగా పాత డీజిల్ ఇంజన్లలో చాలావాటికి నడవడానికి విద్యుత్తుతో అంతగా పనిలేదు. కాబట్టి ఈ పరీక్ష వాటిలో ఏమీ చెప్పదు కూడా.

మార్చేటప్పుడు

ముందుగా బ్యాటరీ నెగటివ్ వైరు తీయండి. ఆల్టర్నేటర్ పెద్ద వైరు తాళం తీసినా బ్యాటరీతో కలిసే ఉంటుంది. పానా అటు టెర్మినల్‌కు, ఇటు ఇంజనుకు తగిలితే నిప్పు లేస్తుంది. బెల్టు దారి కాగితం మీద గీసుకోండి. వైర్లు విప్పి, బెల్టు వదులుచేసి, బోల్టులు తీయండి. కొత్తదాని పుల్లీ కొలత, ఆంపియర్లు, బోల్టు రంధ్రాలు పాతదానితో సరిపోల్చండి.

మన దేశపు డీజిల్ వాహనాలు చాలావాటిలో ఆల్టర్నేటర్ వెనుకనే ఒక వాక్యూమ్ పంపు ఉంటుంది. బ్రేకు తేలికగా పడేది దానివల్లే. దాని ఆయిలు గొట్టాలు, గాలి గొట్టం సరిగా బిగించకపోతే ఛార్జింగ్ బాగున్నా బ్రేకు రాయిలా గట్టిపడుతుంది. కాబట్టి బండి రోడ్డెక్కకముందే, నిలిపి ఉంచి, ఇంజను నడుపుతూ బ్రేకు తొక్కి చూడాలి. నెగటివ్ వైరు చివరన బిగించి, తరువాత మళ్ళీ వోల్టేజి కొలవాలి. పూర్తిగా దిగిపోయిన బ్యాటరీని ముందే బయట ఛార్జి చేయించడం మంచిది. ఆ భారమంతా కొత్త ఆల్టర్నేటర్ మీద వేస్తే అది వేడెక్కిపోతుంది.

ఆలోచించండి: ఒక పికప్‌లో తాళం తిప్పితే ఎర్ర దీపం వెలగడం లేదు. ఇంజను నడుస్తుంటే బ్యాటరీ దగ్గర 12.2 వోల్టులే ఉన్నాయి. బెల్టు బాగుంది. కొత్త ఆల్టర్నేటర్‌కు డబ్బు కట్టేముందు మీరు మొదట ఏ చవకైన వస్తువును పరీక్షిస్తారు? ఎందుకు?