పరాయి కడుపున పండిన దూడ

పిండ మార్పిడి చరిత్ర కుందేళ్లతో మొదలైంది. 1890లో ఇంగ్లండ్‌లో వాల్టర్ హీప్ అంగోరా కుందేలు నుంచి తీసిన రెండు పిండాలను, అప్పటికే తన జాతి మగదానితో కలిసిన బెల్జియన్ కుందేలు కడుపులో ఉంచాడు. అది ఆరు పిల్లలు పెట్టింది. నాలుగు తల్లి పోలిక, రెండు పొడుగు బొచ్చు అంగోరాలు. ఆవుల్లో ఈ ఫలితానికి మరో అరవై ఏళ్లు పట్టింది. తొలి దూడ 1950 డిసెంబరులో అమెరికాలోని విస్కాన్సిన్‌లో పుట్టింది.

మంచి పిండం దొరికితే చాలదని, అది చేరే ఆవుదే పెద్ద పాత్ర అని తేల్చింది కేంబ్రిడ్జిలో రోసన్ బృందం. దాత, గ్రహీత ఆవులు ఒకే రోజు ఎదకు వచ్చి ఉంటే చూడి బాగా నిలుస్తుందని, తేడా ఒక రోజు దాటితే అవకాశం తగ్గిపోతుందని 1972లో చూపింది. ఏడో రోజు పిండం 0.2 మిల్లీమీటర్లు కూడా ఉండదు. పదహారో రోజు నాటికి అది ఇంటర్‌ఫెరాన్ టౌ అనే ప్రొటీన్‌తో తన ఉనికిని తల్లికి తెలపాలి. లేదంటే అండాశయం మీద ఏర్పడి గర్భాన్ని నిలిపే కార్పస్ లూటియం కరిగిపోయి ఆవు మళ్లీ ఎదకొస్తుంది. అందుకే కార్పస్ లూటియం ఉన్న వైపు గర్భకొమ్ములోనే పిండాన్ని వదులుతారు. 1973లో గడ్డకట్టించిన పిండం నుంచి కూడా దూడ పుట్టింది. నిల్వకు వీలు కుదిరినా, తాజా పిండమంత నమ్మకంగా అది నిలవదు.

భారతదేశంలో జాతీయ స్థాయి ప్రాజెక్టు 1987లో మొదలైంది. అంతకుముందే ఒంగోలు జాతి బ్రెజిల్ చేరి నెలోర్ పేరుతో స్థిరపడింది. 1960ల్లో వెళ్లిన కరవది గ్రామపు ఆబోతు పేరు అక్కడ ఇప్పటికీ వినిపిస్తుంది. ఒక్కో నెలోర్ ఆవు నుంచి ఎక్కువ అండాలు దొరకడం వల్ల ప్రయోగశాల పిండాల్లో బ్రెజిల్ ముందుకెళ్లింది. సొంతగడ్డ మీద అంత జోరు కనబడదు. తిరుపతిలో 2023 జూన్‌లో పిండ మార్పిడితో ఒంగోలు ఆవు సాహివాల్ దూడను ఈనింది. దానికి పద్మావతి అని పేరు పెట్టారు.

తెలంగాణలోని జైనూర్ లాంటి ఏజెన్సీ మండలాల్లో పిండ మార్పిడికి చిక్కు మరో చోట ఉంది. పశువులు పగలంతా అడవి పట్టున మేస్తుంటే ఎద ఏ పూట వచ్చిందో చూసేవారుండరు. ప్రోస్టాగ్లాండిన్ సూదితో మందను దాదాపు ఒకే సమయానికి ఎదకు తేవచ్చు గానీ, ఎండాకాలపు మేత కరువులో బక్కచిక్కి, ఎద చక్రమే ఆగిపోయిన ఆవు మీద ఆ సూది పనిచేయదు. ముందు దానికి మేత, దాణా, ఖనిజ మిశ్రమం అందాలి.