డ్యూమా అనే ఇంటిపేరు

పోయిన వేసవి సెలవుల్లో నాన్నగారితో పుదుచ్చేరి వెళ్లాను. సముద్రానికి దగ్గర్లో ఒక వీధి బోర్డు మీద 'ర్యూ డ్యూమా' అని ఉంది. ర్యూ అంటే వీధి. డ్యూమా చివర ఎస్ అక్షరం ఉన్నా పలకరట. ఆ డ్యూమా ఎవరని యానాం వచ్చాక మా సోషల్ మాస్టారిని అడిగాను. "ఆ పేరున్నవాళ్లు చాలామంది ఉన్నారమ్మా. చదివి నువ్వే రాయి" అన్నారు.

దక్షిణ ఫ్రాన్సులో 'మా' అంటే పొలంలో కట్టుకున్న ఇల్లు. ఆ ఇంటివాళ్లు డ్యూమాలు. మన ఇంటిపేర్లు చాలావరకు ఊళ్లను బట్టి వచ్చినట్టే ఇదీను. కాబట్టి డ్యూమాలందరూ చుట్టాలు కారు.

వీధి పేరు బెన్వా డ్యూమాది. ఆయన 1735 నుంచి 1741 వరకు పుదుచ్చేరి గవర్నరు. కారైకాల్ 1739లో ఫ్రెంచివారికి దక్కింది ఆయన కాలంలోనే. ఆయన తర్వాత డూప్లే వచ్చాడు. ఇంకొకరు జాన్ బాప్టిస్ట్ డ్యూమా అనే రసాయన శాస్త్రవేత్త. పదార్థంలో నైట్రోజన్ ఎంతుందో కొలిచే డ్యూమా పద్ధతి ఆయనదే. ఈఫిల్ టవర్ మీద చెక్కిన 72 పేర్లలో ఆయన పేరూ ఉంది.

నన్ను బాగా కదిలించింది మాత్రం మరీ సెసెత్ డ్యూమా. ఆమె ఇప్పటి హైతీ దేశంలో ఒక నల్లజాతి బానిస. ఆమెకు ఒక ఫ్రెంచి జమీందారు వల్ల 1762లో తోమా అలెగ్జాండర్ పుట్టాడు. తల్లి బానిస అయితే బిడ్డా బానిసే, అప్పటి చట్టం అది. తండ్రి కొడుకును తాకట్టు పెట్టి, 1776లో విడిపించి ఫ్రాన్సుకు రప్పించుకున్నాడు. 1786లో ఆ కుర్రాడు మామూలు సిపాయిగా సైన్యంలో చేరాడు. తన వంశం పేరు సిపాయికి తగదని తండ్రి అన్నాడట. అప్పుడతను తల్లి పేరు పెట్టుకున్నాడు. ఏడేళ్లలో జనరల్ అయ్యాడు!

ఆయన కొడుకే 'త్రీ మస్కటీర్స్' రాసిన అలెగ్జాండర్ డ్యూమా. 1802లో పుట్టాడు. నెపోలియన్ ఫ్రెంచి వలసల్లో బానిసత్వాన్ని మళ్లీ తెచ్చింది కూడా ఆ ఏడాదే. సరిగ్గా 200 ఏళ్లకు, 2002లో, ఆ రచయిత అస్థికలను ఫ్రాన్సు మహనీయుల సమాధులుండే పాంథియన్‌కు తరలించారు. ఆయన కొడుకు కూడా పెద్ద రచయితే. జమీందారు వంశం పేరు ఇప్పుడు ఎంతమందికి తెలుసు? బానిస తల్లి పేరు మాత్రం లోకమంతా చదువుతోంది.

ఇది రాస్తూ మా అమ్మమ్మను పుట్టింటి ఇంటిపేరు అడిగాను. "ఇప్పుడెందుకే అది" అని నవ్వి, కాసేపాగి చెప్పింది. ఆ పేరు మా ఇంట్లో ఏ కాగితం మీదా లేదు. నా నోట్సు మొదటి పేజీలో, నా పేరు కింద రాసుకున్నాను.