యూరియాలస్: ఒక కవచ క్రూయిజరు కొలువు

బళ్ళారి–హోస్పేట దారిలో ఉన్న కుడతినికి సముద్రం ఆమడల దూరం. అయినా 1914లో బళ్ళారి జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలోదే కాబట్టి, ఆ ఏడు సెప్టెంబరు 22 రాత్రి జర్మన్ నౌక ఎమ్డెన్ మద్రాసు రేవులో నూనె ట్యాంకులు తగలబెడితే ఆ బెదురు ఈ మెట్ట ఊళ్ళదాకా పాకే ఉంటుంది. ఆ ఉదయమే ఉత్తర సముద్రంలో యూ-9 అనే ఒకే ఒక్క జలాంతర్గామి అబౌకిర్, హోగ్, క్రెస్సీ అనే మూడు బ్రిటిష్ కవచ క్రూయిజర్లను వరసగా ముంచింది. 1,450 మందికి పైగా పోయారు. వాటి తోబుట్టువు యూరియాలస్ మాత్రం బొగ్గు నింపుకోవడానికి రెండు రోజుల ముందే రేవుకు మళ్ళి బతికిపోయింది.

విక్టోరియా రాణి ఉండగా 1899లో బారో రేవులో విక్కర్స్ కంపెనీ దీని నిర్మాణం మొదలుపెట్టింది. 1901 మేలో నీళ్ళలోకి దిగేనాటికి రాణి లేదు. 12,000 టన్నుల బరువు, 30 బాయిలర్లు, 21 నాట్ల వేగం, పక్కలకు ఆరంగుళాల ఉక్కు కవచం. శత్రువుల క్రూయిజర్లను వేటాడాలని, అవసరమైతే పెద్ద యుద్ధనౌకల సరసన నిలవాలని ఈ తరహా ఓడలను కట్టారు. కానీ యూరియాలస్ 1904లో కొలువుకెక్కాక కొన్నాళ్ళు ఆస్ట్రేలియా స్థావరానికి నాయక నౌకగా, తర్వాత కుర్ర నావికుల శిక్షణ ఓడగా గడిపింది. ఈలోగా 1908లో ఇన్విన్సిబుల్ తరహా బ్యాటిల్ క్రూయిజర్లు వచ్చి ఈ తరాన్నంతా ఒక్కసారిగా ముసలిదాన్ని చేశాయి. పైగా ఆ ఆరంగుళాల కవచం ఫిరంగి గుండుకు అడ్డమేగాని, నీటి అడుగున వచ్చే టార్పెడోకు కాదు.

నా దృష్టిలో యూరియాలస్ అసలు కొలువు 1914 సెప్టెంబరు నాటి ఆ గండం తప్పాకే మొదలైంది. 1915 మార్చిలో స్మిర్నా కోటలపై గుళ్ళు కురిపించింది. ఏప్రిల్ 25న గల్లిపోలిలో లాంకషైర్ ఫ్యూజిలియర్లు దీని మీంచే పడవల్లోకి దిగి ఒడ్డుకు వెళ్ళారు. 1916లో ఈస్ట్ ఇండీస్ స్థావరానికి అడ్మిరల్ వీమ్స్ నాయక నౌక అయింది. అంటే మన తీరం కూడా దీని కాపలాలోకి వచ్చింది. కాకపోతే ఎమ్డెన్‌ను 1914 నవంబరులోనే కొకోస్ దీవుల దగ్గర సిడ్నీ అనే క్రూయిజరు చావగొట్టేసింది. ఇక ఇక్కడ వేటాడ్డానికి ఎవరున్నారు? అందుకే ఎర్ర సముద్రంలో తుర్కీ పాలనపై లేచిన అరబ్ తిరుగుబాటుకు దన్నుగా తిరిగింది. బ్రిటిష్ అధికారి టి.ఇ. లారెన్స్‌ను ఒకసారి జెడ్డా నుంచి ఆవలి ఒడ్డుకు చేర్చింది. ఆ మొదటి ప్రపంచ యుద్ధంలోనే పట్టుబడ్డ తుర్కీ సైనికులు కొందరు కుడతినికి దగ్గర్లోని బళ్ళారిలో బందీలుగా గడిపారు.

ఎదురెదురు నౌకాయుద్ధం మాత్రం దీనికి దక్కలేదు. 1917 చివర్లో మందుపాతరలు పరిచే ఓడగా మార్చడానికి హాంగ్‌కాంగ్ పంపారు. ఆ పని ముగియకముందే యుద్ధం ముగిసింది. 1920లో తుక్కు కింద అమ్మేశారు. 1922లో విప్పి ముక్కలు చేసింది జర్మనీలో.