భోజన వేళ పరిశోధన ముచ్చట్లు: అవి ఏమిటి, ఎలా నడుస్తాయి, మనకెందుకు

సమాచార సాంకేతికత సమాజాన్ని ఎలా మారుస్తోందో పరిశోధించేవారు, తమ పని ముగియకముందే పదిమంది ముందు పెట్టి మాట్లాడుకునే చిన్న సభలివి. అమెరికా విశ్వవిద్యాలయాల్లో వీటిని 'బ్రౌన్ బ్యాగ్' సభలంటారు. ఎవరి భోజనం వారు గోధుమరంగు కాగితపు సంచిలో తెచ్చుకుని, తింటూ వినడం వల్ల ఆ పేరు వచ్చింది. మన మాటల్లో చెప్పాలంటే క్యారేజీ సభ.

ఎక్కడ జరుగుతాయి?
హార్వర్డ్ లా స్కూల్‌లో 1990ల్లో చార్లెస్ నెస్సన్, జొనాథన్ జిట్రైన్ మొదలుపెట్టిన కేంద్రానికి 2016 నుంచి బర్క్‌మన్ క్లైన్ కేంద్రమని పేరు. అది ఏళ్ల తరబడి మంగళవారాల్లో నడిపిన భోజన సభలు బాగా పేరుపొందాయి. బయటివారూ వెళ్లేవారు, రాలేనివారు ఇంటర్నెట్‌లో చూసేవారు. ప్రిన్స్‌టన్‌లో 2005లో ఏర్పడిన సమాచార సాంకేతిక విధాన కేంద్రం కూడా ఇలాంటి సభలు నడిపింది.

ఎలా నడుస్తాయి?
సుమారు గంటసేపు. వక్త కొంతసేపు చెబుతారు, మిగతా సమయమంతా ప్రశ్నలకే. వ్యక్తిగత గోప్యత, కాపీరైటు, ఎన్నికలు, వాక్ స్వాతంత్ర్యం వంటివి విషయాలు. ఇంజనీరు, లాయరు, సమాజశాస్త్రం చదివినవారు ఒకే గదిలో ఉంటారు కనుక ఒకరికి తట్టని ప్రశ్న మరొకరికి తడుతుంది. తప్పు ఉంటే అచ్చుకాకముందే బయటపడుతుంది. మేము గుమాస్తాలుగా పనిచేసిన రోజుల్లోనూ ఫైలులోని అసలు చిక్కు క్యారేజీలు విప్పుకున్నప్పుడే తేలేది.

మనకెందుకు?
కంప్యూటర్లలో అన్ని లిపులకూ ఒకే ప్రమాణమైన యూనికోడ్‌లో తెలుగు 1991 నాటి తొలి సంచిక నుంచే ఉంది. అయినా బరంపురంలో, షోలాపూర్‌లో, చెన్నైలో, బెంగళూరులో మన ఇళ్ల పిల్లలు చాలామంది ఫోనులో తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లోనే కొడుతున్నారు. బడిలో నేర్చేది వేరే లిపి. ప్రాథమిక విద్య మాతృభాషలో అందే సదుపాయం గురించి రాజ్యాంగంలోని 350ఎ అధికరణం చెబుతుంది, కానీ ఫోనులో ఏ లిపి వాడాలో ఇంట్లోనే తేలాలి. మాట మిగిలి లిపి పోతే, తాత రాసిన ఉత్తరం, పాత దస్తావేజు మనవడికి వట్టి కాగితాలవుతాయి.

మొదలుపెట్టాలంటే
హాలు, మైకు, దండలు అక్కర్లేదు. ఆదివారం మధ్యాహ్నం పది పన్నెండు మంది, ఎవరి క్యారేజీ వారిది. ఒకరు ఇరవై నిమిషాలు చెప్పాలి, ఒకరు రాసుకోవాలి. మొదటి ప్రశ్న పిల్లలదే కావాలి. "మీ ఫోనులో తెలుగు ఎందుకు కొట్టరు?" అని వారిని అడిగి, జవాబు పూర్తయ్యేదాకా పెద్దలం అడ్డురాకుండా వినడమే మా సంఘం తరఫున మేము సూచించే తొలి ముచ్చట.