“ఎవరు మీరు?” – చిందు భాగవతమున పాత్రప్రవేశము

బోధను ప్రాంతపు పల్లెలలో చిందు భాగవతము చూచిన పెద్దలకు నేను చెప్పబోవు దృశ్యము క్రొత్తది కాదు. వాడ నడుమ నాలుగు గుంజలు పాతిన పందిరి. మద్దెల, తాళములు, వెనుక వంతపాడువారు. ఇద్దరు మనుష్యులు ఒక దుప్పటిని తెరగా పట్టుకొని నిలుచుందురు. తెరవెనుక గజ్జెలు మ్రోగుచుండును. కిరీటపు కొన మాత్రము పైకి కానవచ్చును. తెర తొలగగనే హాస్యగాడు ముందునకు వచ్చి, “ఎవరు మీరు? ఏ దేశమువారు? తల్లిదండ్రు లెవరు? ఏ పనిమీద వచ్చితిరి?” అని వరుసగా ప్రశ్నించును. పాత్రధారి తన వంశమును, తన బిరుదులను, తన మనసులోని మాటను పాడి చెప్పుకొనును. అటుపిమ్మటనే కథ సాగును.

బాల్యమున మాకు ఆ ఘట్టము విసుగు పుట్టించెడిది. యుద్ధ మెప్పుడు వచ్చునా యని ఎదురుచూచెడివారము. ఆ ప్రశ్న ఎంత విలువ గలదో తెలియుటకు నాకు చాల కాలము పట్టినది. తెలిసిన రీతియు నాకు గౌరవకరమైనది కాదు. నేటి ప్రసంగమున ఆ సంగతియే మనవి చేయుదును.

ముందుగా కొంత చరిత్ర. యక్షగానమను మాటను పాల్కురికి సోమనాథుడు తన పండితారాధ్య చరిత్రమున పేర్కొనెను. నేడు మనకు లభించిన తొలి యక్షగానములలో కందుకూరి రుద్రకవి రచించిన సుగ్రీవవిజయము ముఖ్యమైనది. అది 16వ శతాబ్దపు రచన. తెలంగాణమున శేషాచలకవి ధర్మపురి రామాయణము వెలసినది. 20వ శతాబ్దమున చెర్విరాల బాగయ్యగారు రచించిన యక్షగానములు అచ్చుపడి పల్లెపల్లెకును పోయినవి. ఈ సంప్రదాయమం దంతటను పాత్రకు ప్రవేశదరువు ఉండుట నియమము. కూచిపూడివారి భామాకలాపములో సత్యభామ తెరమీదుగా తన జడను వేసి, తాను సత్రాజిత్తు కూతురనని చెప్పుకొనును. జడ చూచితిమి, వంశము వింటిమి. అభిమానవతి యని మన కెవ్వరును వేరుగా చెప్పవలసిన పని లేదు.

మా చదువులో పాత్రనుగూర్చి నేర్చినది మరియొక మార్గము. ధనంజయుని దశరూపకము నాయకులను ధీరోదాత్తుడు, ధీరోద్ధతుడు, ధీరలలితుడు, ధీరశాంతుడు అని నాలుగు విధములుగా విభజించినది. నాయికలు అవస్థాభేదముచేత ఎనమండుగురు. రాముడు ఉదాత్తుడు, రావణుడు ఉద్ధతుడు. ఈ విభాగము పనికిమాలినదని నేననను. కాని అది ధాన్యపు బస్తామీది ముద్రవంటిది. లోపల నున్నవి వడ్లో జొన్నలో అది చెప్పును. ఏ చేనిలో పండినవో, ఆ చేనికి ఆ యేడు నీరందినదో లేదో చెప్పజాలదు.

ఇక చిందువారిని గూర్చి. వీరు మాదిగ కులమునకు ఆశ్రితులైన కళాకారులు. ఏ కుటుంబమువారు ఏ గ్రామములలో ఆడవలెనో వంశపారంపర్యమైన మిరాసి హక్కు వారికి కలదు. ఆట ఆడినందులకు వారికి ముట్టజెప్పు దానిని త్యాగమందురు. పురుషులతోపాటు స్త్రీలును రంగమెక్కుట వీరి ప్రత్యేకత. తేలికైన కొయ్యతో కిరీటములను, భుజకీర్తులను చేసి అద్దపు ముక్కలు పొదుగుదురు. ముఖమునకు అర్దళము పూయుదురు. దీపపు వెలుగులో ఆ అద్దములు మెరయుచుండగా రాజు వచ్చెననియే తోచును.

1987వ సంవత్సరమున నేను బోధనుకు చేరువనున్న యొక పల్లెలో తెలుగు పండితుడనుగా నుంటిని. చెరకు నరుకు దినములు. కూలీల చేతులలో నాలుగు డబ్బు లాడుచుండెను. అట్టి వేళ చిందు మేళ మొకటి వచ్చి ప్రహ్లాద చరిత్ర ఆడినది. హిరణ్యకశిపుని వేషము కట్టినవాడు అరువది దాటిన వృద్ధుడు. తెర తొలగినది. నేను మీసము దువ్వుచు, భూమి యదరునట్లు గంతువేయు ఉద్ధతునికై ఎదురుచూచితిని. ఆ వృద్ధుడు తడబడు నడకతో వచ్చి, క్షణకాలము నిలిచి, కుడిప్రక్కకు చూచి, ఆ తరువాత కొలువున కూర్చుండెను. కూర్చున్న పిదపగాని గొంతు పెంచలేదు.

నాకది దోషముగా తోచినది. మరునాటి యుదయమున ఆయనను బడికి పిలిపించితిని. నేను వసారాలో కుర్చీపై కూర్చుంటిని. ఆయన క్రింద వేపచెట్టు నీడను నిలుచుండెను. ధీరోద్ధత లక్షణమును వివరించి, నీ ప్రవేశము శాస్త్రవిరుద్ధమని చెప్పితిని. ఆయన అంతయు విని మెల్లగా నిట్లనెను:

“అయ్యగారూ, మీరు చదువుకున్నోళ్లు. ఒక్క మాట అడుగుత. హిరణ్యకశిపుడు తొలి కొలువుకు యాడికెల్లి వచ్చిండు?”

అంతఃపురమునుండి యంటిని.

“కాదయ్యా. తమ్ముని సావుకాడికెల్లి వచ్చిండు. ఇంట్ల తల్లి ఏడుస్తున్నది. మరదలు ఎంటికలు ఇరబోసుకొని కూసున్నది. వాళ్లకు ధైర్యం జెప్పి, తాను ఏడ్వక, కిరీటం పెట్టుకొని వచ్చిండు. గందుకే కాలు తడబడ్డది. కుడిపక్కకు సూసిండంటే, గది తమ్ముడు కూసునే జాగ.”

“మరి కొడుకుమీద కోపమో?” యని యడిగితిని.

“తమ్ముని సంపినోని పేరు కన్నకొడుకు నోటెంట వచ్చె. మనకు గది దేవుని పేరు. ఆయనకు పగోని పేరు. ఏసం గట్టినోడు గది మనసుల పెట్టుకోకుంటే, ఉత్త అరుసుడే మిగులుతది.”

నేను నిరుత్తరుడనైతిని. భాగవతమున ఏడవ స్కంధమును నేను పలుమారులు పాఠము చెప్పినవాడను. వరాహమూర్తి హిరణ్యాక్షుని చంపుట, హిరణ్యకశిపుడు తల్లిని మరదలిని ఓదార్చుట అందే యున్నది. నేను ఆ పద్యములకు ప్రతిపదార్థము చెప్పితిని. ఆయన ఆ దుఃఖమును తెచ్చి రాజు నడకలో పెట్టెను. ఆ రాత్రి రెండవమారు ఆటకు పోతిని. తండ్రి కుమారుని తొడపై కూర్చుండబెట్టుకొని ఏమి చదివితివని యడిగెను. బాలుడు హరి యనగనే ఆ వృద్ధుడు వెంటనే గర్జింపలేదు. మరల కుడిప్రక్కకు చూచెను. వాడలోని స్త్రీలు కొందరు ఆ రాక్షసునకై కన్నీరు పెట్టిరి. అందుచేత ప్రహ్లాదుని గొప్పతనమునకు కొరత రాలేదు. అంతటి దుఃఖము, అంతటి ప్రేమ గల తండ్రి యెదుట నిలిచి హరినామము విడువని బాలుని ధైర్యము మరింత పెద్దదై కనబడినది.

ఇట్టి మార్గమునే సముద్రముల కావల పెద్దలు గ్రంథములుగా వ్రాసిరి. రష్యా దేశమున 1898లో మాస్కో ఆర్ట్ థియేటరును నెలకొల్పినవారిలో నొకడైన స్తానిస్లావ్‌స్కీ (1863–1938) తన నటులకు, పాత్ర ఎక్కడనుండి వచ్చినది, ఎక్కడికి పోవుచున్నది, ఏమి కోరుచున్నది అని ప్రశ్నించుకొనుటను నేర్పెను. రంగముపైకి రాకముందు గడచిన జీవితమును నటుడు ఊహించుకొనవలెనని ఆయన మతము. వేపచెట్టు క్రింద నిలిచిన వృద్ధుడు ఆయన పేరు విన్నవాడు కాడు. ఆయనకు హాస్యగాని ప్రశ్నలే గురువులు.

ఈ ముచ్చట నాకు ఇప్పుడు జ్ఞప్తికి వచ్చుటకు కారణ మున్నది. హైదరాబాదున చదువుకొనుచున్న నా మనుమడు సెలవులకు వచ్చి, స్నేహితులతో ఒక ఆట ఆడుచుండెను. నలుగురు చుట్టును కూర్చుండి, ఒక్కొక్కరు ఒక్కొక్క పాత్రను ధరించి, ఒకడు కథ నడుపుచుండగా మాటలతోను పాచికలతోను సాహసములు చేయుదురట. 1974లో అమెరికాలో ఇట్టి యాట తొలిసారిగా పుస్తకరూపమున వెలువడినది. ఆడుటకు ముందు ప్రతివాడును తన పాత్రకు జన్మస్థానము, కులగోత్రములు, గుణము, భయము, కోరిక వ్రాసికొనవలెనట. మా మనుమడు తన వీరునకు బలము, ఖడ్గము, కోపము వ్రాసి, “తాతయ్యా, ఇంక నేమి వ్రాయవలెను?” అని యడిగెను. “వాని కుడిప్రక్కన ఎవరి స్థానము ఖాళీగా నున్నది?” అని యడిగితిని. వాడు చాలసేపు ఆలోచించి వ్రాయ మొదలిడెను. నా మాట కాదది; ఆ వృద్ధుని మాట.

శ్రోతలారా, ఇచ్చట నేనొక సంగతి దాచక చెప్పవలెను. చిందువారు ఆడు ఆటలలో జాంబపురాణ మొకటి కలదు. అందు జాంబవమునిని బ్రాహ్మణుడు ప్రశ్నించును. ఆదిజాంబవుడు భూమికన్న ఆరు మాసములు ముందు పుట్టినవాడని ఆ పురాణము చాటును. నీ వెవరవను ప్రశ్న అక్కడ వేడుకమాట కాదు. తక్కువవాడవని తమ్మనినవారికి ఒక జాతి ఇచ్చుకొన్న ప్రత్యుత్తరమది. రాత్రియంతయు రాజై, మునియై, దేవుడై నిలిచినవాడు తెల్లవారిన పిమ్మట గడప వెలుపల నిలువవలసి వచ్చినది. ఆ దినమున నేనును వసారాపైకి రమ్మని ఆయనతో అనలేదు. కుర్చీ మాట యటుండ, మెట్టుమీద కూర్చుండుమనియు అనలేదు. పాఠము చెప్పించుకొన్నవాడను నేను కూర్చుంటిని, చెప్పినవాడు నిలుచుండెను. అంతకు మించిన తప్పు మరొకటి కలదు. ప్రతి రాత్రియు నీవెవరవని హాస్యగానిచేత అడిగించుకొని ఉత్తరము పాడిన ఆ మనుష్యుని నేను, మీ పేరేమని యడుగలేదు. హిరణ్యకశిపుని వంశము నాకు తెలియును. ఆయనది తెలియదు.

తరువాత కాలము మారినది. నిజాంసాగరము 1923లో ప్రారంభమై 1931లో పూర్తియైనది. ఆ నీటివలన చెరకు పెరిగినది. 1937లో శక్కర్‌నగరున నిజాము చక్కెర కర్మాగారము వెలసినది. 2015లో ఆ కర్మాగారము మూతపడినది. అంతకుముందే సినిమాలు, ఇంటింటి టెలివిజనులు రాత్రి యాటలకు జనమును తగ్గించినవి. ఈ రెండింటి నడుమ చిందు మేళములు పలుచబడినవి. బోధను దగ్గరి అమ్దాపూరున నివసించిన చిందుల ఎల్లమ్మగారు బాల్యమునుండి స్త్రీ పాత్రలను, పురుష పాత్రలను ధరించి ఈ కళకు కీర్తి తెచ్చిరి. 1999లో హంస పురస్కారము నందిన యామె 2005లో కీర్తిశేషురాలైరి. ఆమె పేరు లోకమునకు తెలిసినది. ఆమెవలెనే రాత్రులు గడపిన ఎందరి పేర్లో ఏ కాగితముపైనను లేవు.

కావున పెద్దలకు నా ప్రార్థన యిది. మీ గ్రామమునకు మిరాసి కలిగిన చిందు కుటుంబములో వృద్ధులెవరైన మిగిలియున్నచో వారిని మీ యింటికి పిలువుడు. మీతో సమానముగా కూర్చుండబెట్టుడు. వారి పేరు, తల్లిదండ్రుల పేర్లు, గురువు పేరు, ఏయే వేషములు కట్టిరో, ఏ పాత్ర ఎందుకు ఏడ్చునో ఎందుకు కోపించునో అడిగి మనుమలచేత వ్రాయింపుడు. ఒక నోటుపుస్తకము చాలును. నేను 1987లో అడుగవలసి యుండి అడుగక పోగొట్టుకొన్న ప్రశ్న ఒక్కటే. అది మీకు తెలిసినదే: ఎవరు మీరు?