ఊరు పోయిన చోట మడ అడవి
నాటి ఓడల రేవు కోరంగి.. నేడు నదీతీర విహార స్థలం

తాళ్లరేవు: కాకినాడ నుంచి యానాం వెళ్లే దారిలో కోరంగి మడ అడవులు సందర్శకులను ఆకట్టుకుంటున్నాయి. చెక్క వంతెనపై నడుస్తూ, పడవలో కోరంగి నదిపై విహరిస్తూ ఆనందించేవారిలో చాలామందికి ఈ పరిసరాల్లోనే ఒకనాడు పెద్ద రేవు పట్టణం ఉండేదన్న సంగతి తెలియదు.

గౌతమీ గోదావరి పాయ ఒడ్డున వెలసిన కోరంగిలో 1759లో ఆంగ్లేయులు స్థావరం ఏర్పరచుకున్నారు. ఓడల నిర్మాణానికి, మరమ్మతులకు ఈ రేవు పేరుపొందింది. ఇక్కడినుంచి ఓడలెక్కి బర్మా వెళ్లినవారు ఎందరో. అందువల్లనే అక్కడి తెలుగువారందరికీ, ఏ జిల్లావారైనా సరే, 'కోరంగీలు' అన్న పేరు స్థిరపడింది.

మూడు అలలు

1789 డిసెంబరులో పోటు సమయాన వచ్చిన ఉప్పెన ఈ పట్టణాన్ని కబళించింది. మొదటి అల ఊరిలోకి నీటిని తెచ్చింది. రెండోది పల్లపు ప్రాంతమంతటినీ ముంచింది. మూడోది సర్వస్వాన్నీ తుడిచిపెట్టింది. నదీముఖంలో లంగరు వేసిన ఓడలు యానాం పొలాల్లోకి కొట్టుకుపోయాయి. 20 వేలమంది మరణించినట్లు నాటి అంచనా. మిగిలినవారు మళ్లీ నిలదొక్కుకున్నా, 1839 నవంబరు 25న వచ్చిన మరో ఉప్పెనతో రేవు కోలుకోలేకపోయింది. కలకత్తాలో ఉంటూ బంగాళాఖాతం తుపానులను పరిశీలించిన హెన్రీ పిడింగ్టన్ కోరంగి విషాదాన్ని గ్రంథస్థం చేశారు. పాము చుట్టను సూచించే గ్రీకు మాట ఆధారంగా 'సైక్లోన్' అనే పదాన్ని 1848లో వ్యాప్తిలోకి తెచ్చింది ఆయనే.

అడవే అడ్డుగోడ

1978లో ఇక్కడి అడవిని వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. విస్తీర్ణం సుమారు 235 చదరపు కిలోమీటర్లు. తెల్లమడ, నల్లమడ, తిల్ల వంటి చెట్లు ఉప్పునీటిలోనే పెరుగుతాయి. బురదలోంచి పైకి పొడుచుకువచ్చే మడ వేళ్లు గాలి పీల్చుకుంటాయి. ఆ వేళ్లే ఒండ్రును పట్టి నిలుపుతాయి, ఎగసివచ్చే అలల ఉద్ధృతిని తగ్గిస్తాయి. నీటి పిల్లులకు, నీటి కుక్కలకు, చేప పిల్లలకు ఇదే ఆశ్రయం. 1996 నవంబరు 6 నాటి తుపానును చూసిన కోనసీమవాసులకు తీరం వెంబడి అడవి విలువ వేరుగా చెప్పనక్కరలేదు. వంటచెరకుకో, చెరువులకో మడను నరికితే పోయేది చెట్లు మాత్రమే కాదు, వెనుకనున్న ఊళ్ల రక్షణ కూడా.

సందర్శకులకు సూచనలు

216వ నంబరు జాతీయ రహదారిపై కాకినాడ నుంచి బస్సులో, ఆటోలో చేరుకోవచ్చు. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు వాతావరణం అనుకూలం. అయితే తుపాను హెచ్చరికలున్న రోజుల్లో ప్రయాణం మానుకోవాలి. పడవ విహారం పోటుపాటులపై ఆధారపడి ఉంటుంది గనుక ముందుగా విచారించుకోవడం మేలు. తిల్ల చెట్టు పాలు కంటిలో పడితే ప్రమాదం, కొమ్మలు విరవరాదు. ప్లాస్టిక్ సంచులు, సీసాలు వెంట తెచ్చినవారే తిరిగి తీసుకువెళ్లాలి.

పాత పట్టణం గుర్తులను వెతుక్కునేవారికి ఇక్కడ కనిపించేది నీరు, బురద, చెట్లే. వచ్చే పిల్లలకు ఆ ఊరి కథ కూడా చెబితే, ఈ చెట్లు ఎందుకు నిలవాలో వారికి సులువుగా బోధపడుతుంది.